సముద్రానికి ఇంకో దారి

ఆ మాట అన్నదెవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పరామర్శకు వచ్చినవాళ్ళతో ముందుగది నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు మంచం అంచున సర్దుకున్నారు. వాళ్ళలో ఎవరో పక్కవారితో, "అయినా అంత పెద్ద రోడ్డు మీద సైకిలేమిటండీ? సముద్రానికి ఇంకో దారే లేదా?" అన్నారు. గొంతు తగ్గించే అన్నారు గానీ, చావు ఇంట్లో తగ్గించిన గొంతే ఎక్కువ వినపడుతుంది. వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఆ ఇంటి కోడలికి వినపడింది. కిటికీ పక్కన కూర్చున్న మామగారికీ వినపడింది. ఆమె గ్లాసులు అందించుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. మామగారు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకటే రూటు: నగరం నుంచి సముద్రపు ఒడ్డుకు, ఒడ్డు నుంచి నగరానికి. ఆ రోడ్డు మీదే, పోయిన వేసవిలో, సైకిలు మీద వెళ్తున్న ఆయన కొడుకును ఇసుక లారీ కొట్టేసింది. అర్ధరాత్రి కాదు, వాన కాదు. మంచి వెలుతురున్న ఉదయం. లారీ డ్రైవరు తాగి లేడు, నిద్రపోలేదు. పక్కనున్న వ్యాను దూసుకొస్తే బండి ఎడమకు తిప్పాడు, అంతే. మనసారా తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

కొడుక్కి సైకిలంటే ప్రాణం. వారమంతా ఆ మేడా ఈ మేడా ఎక్కి ఏసీలు బాగుచేసేవాడు. ఆదివారం తెల్లవారిందంటే సముద్రమే. "ఇలా వెళ్ళి నీళ్ళు చూసి వచ్చేస్తా" అనేవాడు, వీధి చివర పాల ప్యాకెట్ తెస్తానన్నంత తేలిగ్గా. పదింటికల్లా ఇంట్లో ఉండేవాడు. పెద్ద రోడ్డయితేనే అది కుదురుతుంది.

ఆమె పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి దవడలు తీయడం, మైనంలో పళ్ళు ఒక్కొక్కటిగా నిలబెట్టడం, పైదవడా కిందిదవడా కలిపి కాటు సరిచూడటం, అరగదీసి మెరుగుపెట్టడం. పక్క బల్ల దగ్గర మైనం పని చూసే పెద్దావిడను అందరూ మైనం అక్క అంటారు. "ఊళ్ళో సగంమంది ముసలాళ్ళ నవ్వు మన చేతిలోంచి వచ్చిందే చెల్లీ, మనకు మాత్రం నవ్వే తీరిక లేదు" అనేది ఆవిడ రోజువారీ జోకు.

అంతా అయిపోయాక ఆమె త్వరగానే పనిలోకి వచ్చేసింది. మైనం అక్క ఆమె బల్ల తుడిచిపెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. పన్ను తీయించుకునేవాళ్ళకు మత్తు ఇచ్చి పంపినప్పుడు, ఇంటికెళ్ళాక తమ బుగ్గ తామే కొరుక్కుంటారు, రక్తం కనిపించేదాకా తెలియదు. ఆమె పరిస్థితి అలాంటిదే. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలిసేది కాదు. ఎదుటివాళ్ళు మొహం చూసి, "గట్టిదండీ" అని మెచ్చుకున్నారు, ఆ పక్కకు వెళ్ళి "గుండె రాయి" అనుకున్నారు. తల్లి ఫోను చేసినప్పుడల్లా ఒకటే పోరు.

"ఒక్కసారి గట్టిగా ఏడవవే తల్లీ. ఏడిస్తే తేలికపడతావు."

"వస్తే ఏడవనా అమ్మా? రానిది ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?"

తల్లే ఏడ్చి ఫోను పెట్టేసేది.

ఏడాది తిరుగుతుండగా ఒక ఆదివారం పొద్దున మామగారు అటక మీద నుంచి కొడుకు పాత సైకిలు దింపించి, వరండాలో పెట్టి గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు.

"అమ్మాయ్, ఈ సీటు కిందికి దిగాలంటే ఏది తిప్పాలి?"

ఆమె వచ్చి స్క్రూ వదులు చేసి సీటు దించింది. "ఎక్కడికి మామయ్యా?"

"దారి వెతకడానికి."

"ఏ దారి?"

"సముద్రానికి. లారీలు, బస్సులు తిరగని దారి."

ఆమె స్క్రూ బిగించడం ఆపలేదు. "దొరికితే?"

"దొరకదు" అన్నారాయన, బల్ల గుద్దినట్టు. "నా జీవితమంతా ఆ రూట్లో బండి తోలాను. ఇంకో దారుంటే నాకు తెలియదూ? లేదని ఒకసారి నా కళ్ళతో చూసుకుని వస్తాను. లేదని తేలిపోతే చాలు. వాడు చేయగలిగింది ఏమీ లేదని ఊరుకుంటాను. లేకపోతే ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉందమ్మా."

ఉందని తేలితే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదా, లేక ఆలోచించే పైకి అనలేదా అన్నది ఆమెకు తెలియలేదు. అడిగి ఉండవచ్చు. అడగడానికి కూడా కొంచెం ఓపిక కావాలి. అయితే ఆయన వరండా మెట్టు దిగి సైకిలెక్కిన తీరు చూశాక ఒక్కరినీ పంపడానికి మనసొప్పలేదు. హ్యాండిల్ ఒక వైపు, మనిషి ఒక వైపు. రోజూ ల్యాబ్‌కు వెళ్ళే తన బుట్ట సైకిలు తీసి, బుట్టలో నీళ్ళ సీసా, బ్రెడ్డు పడేసి వెనకే బయల్దేరింది.

ఆయన సైకిలును బస్సులాగే తోలేవారు. మలుపు ఇంకా అంత దూరాన ఉండగానే చెయ్యి చాపి, లేని అద్దంలోకి తల ఎత్తి చూసేవారు. ఆగాక బయల్దేరేటప్పుడు తనకు తనే "రైట్, రైట్" అనుకునేవారు. కుక్క అడ్డొస్తే నోటితో హారన్ కొట్టారు. మామూలు రోజుల్లో అయితే ఆమె పడీ పడీ నవ్వేది.

మొదటి వారం మంచినీళ్ళ పైపు వెంబడి వెళ్ళారు. నగరానికి నీళ్ళు తెచ్చే ఆ లావు ఇనప పైపు పక్కనే సిమెంటు బాట ఉంది. పక్క వీధుల్లో హారన్లు మోగుతున్నా బాట మీద మనిషి లేడు. ఇళ్ళ వెనక గోడలు, ఆరేసిన దుప్పట్లు, గోడ మీద నిద్రపోయే పిల్లులు. బాగానే సాగుతోందనుకునేసరికి ఎదురుగా ఫ్యాక్టరీ గోడ. పైపు గోడలో దూరిపోయింది, బాట గోడకు తల కొట్టుకుని ఆగిపోయింది.

"చెప్పానా!" అన్నారు మామగారు. ఆయన మొహం వెలిగింది. అక్కడే నిలబడి బ్రెడ్డు తిని వెనక్కి వచ్చారు.

తర్వాత ఒకప్పటి రైలు కట్ట పట్టుకున్నారు. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కంకర మిగిలింది. ఆ కంకర మీద సైకిలు తొక్కితే ల్యాబ్‌లో పళ్ళు అరగదీసే మిషను మీద కూర్చున్నట్టే ఉంది. దాని చివర వాగు మీద వంతెన లేదు, రెండు రాతి స్తంభాలు మాత్రం నీళ్ళలో నిలబడి ఉన్నాయి. అక్కడా ఆయన "అయిపోయింది, చూశావుగా" అన్నారు. ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయారు. ఏడాదిగా ఆయన అంత నిద్రపోవడం ఆమె చూడలేదు.

అక్కడితో వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ ఆ వారం మధ్యలో ఆమె ల్యాబ్‌లో భోజనాల వేళ, చేతులకు పనిలేక, ఫోనులో ఉపగ్రహం నుంచి తీసిన పటం తెరిచి చూసింది. విరిగిన వంతెన దగ్గర నుంచి సన్నటి పచ్చ గీత ఒకటి పక్కకు తిరిగి, మెలికలు తిరుగుతూ నీలం దాకా వెళ్ళింది. పెద్ద రోడ్డుకు చాలా దూరంగా.

మైనం అక్క భుజం మీదుగా తొంగి చూసింది. "ఏంటే అది, నాచు తీగలా?"

"కాలువ గట్టనుకుంటా."

"ఎక్కడికెళ్తుంది?"

"సముద్రానికి."

పైకి అన్నాక గానీ అదేమిటో పూర్తిగా తెలియలేదు. ఫోను మూసేసి, చెయ్యి కడుక్కుని, ఎవరో పెద్దాయన కిందిదవడ ముందేసుకుని కూర్చుంది. మామగారికి చెప్పకుండా ఉండవచ్చు. చెప్పడం, చెప్పకపోవడం రెండూ ఒకే బరువుగా తోచాయి. సాయంత్రం ఆయన, "ఇంకేదైనా చూడాల్సింది మిగిలిందంటావా?" అని అడిగారు. ఆమె కాలువ సంగతి చెప్పింది.

"ఓహో" అన్నారాయన. "అదీ చూసేద్దాం. మిగల్చకూడదు" అన్నారు.

ఆ ఆదివారం వాగు పక్కన సైకిళ్ళు నడిపించుకుంటూ పొదలు దాటి కాలువ గట్టెక్కారు. మట్టి బాట, మధ్యలో చక్రాలు తిరిగి నున్నబడిన గీత. ఒక మలుపు తిరిగేసరికి కాలువకు అడ్డంగా నీళ్ళు ఆపే లాకులు, వాటి పక్కన బాటకు అడ్డంగా ఇనప గేటు, గేటుకు గొలుసు, గొలుసుకు తాళం.

మామగారు సైకిలు స్టాండేసి గట్టు రాయి మీద చతికిలబడ్డారు. జేబులోంచి నారింజపండు తీసి ఒలుచుకుంటూ, "గేటుకు తాళం. ఇంకేముంది, ఆ గోడలాంటిదే, ఆ వంతెనలాంటిదే" అన్నారు.

"సీసాలో నీళ్ళయిపోయాయి. పట్టుకొస్తా" అని ఆమె లాకుల పక్కనున్న గది వైపు నడిచింది.

అక్కడ ఒకావిడ తలుపులు ఎత్తే చక్రానికి గ్రీజు రాస్తోంది. మోచేతుల దాకా నల్లగా ఉంది. పంపు ఎక్కడుందో గడ్డంతోనే చూపించింది. ఆమె సీసా నింపుకుంటూ, అడగాలని లేకపోయినా అడిగింది.

"గేటు అవతల దారి ఎక్కడిదాకా ఉంటుందండీ?"

"తిన్నగా సముద్రం దాకా. ఆగకపోతే నీళ్ళలోకే."

"తాళం వేసి ఉంది..."

"అది గేదెలకు. మనుషులకు పక్కన చిన్న గేటుంది, పొద వెనకాల. నెడితే వచ్చేస్తుంది. నేను రోజూ ఇంటికి అట్నుంచే పోతా, సైకిలు మీదే."

"ఎప్పటినుంచి ఉందండీ ఈ దారి?"

"గట్టా?" ఆవిడ నవ్వింది. "మా అమ్మ చిన్నప్పుడు బడికి దీని మీదే వెళ్ళేదట. ఏం, గట్టు కొలతలకొచ్చారా?"

"లేదండీ. ఊరికే."

సీసా నిండి నీళ్ళు చేతి మీద పారుతున్నాయి. ఆమె పంపు కట్టేసింది. దారి ఉంది. ఎప్పటినుంచో ఉంది. ఒక గంట ఎక్కువ పట్టేది, పదింటికి కాక పదకొండుకు ఇంటికి వచ్చేవాడు. ఆ సంగతి చాలా స్పష్టంగా తెలిసింది. ఇక మనసుకు తగులుతుందేమోనని ఆమె అక్కడే నిలబడి చూసింది. తగల్లేదు. తెలియడం వేరు, తగలడం వేరు. చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని వెనక్కి వచ్చింది.

మామగారు సగం నారింజ ఆమె కోసం పట్టుకుని ఉన్నారు. "ఏమంటుంది? లేదందా?"

"ఉందట మామయ్యా. సముద్రం దాకా."

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తొనల్లోంచి రసం మణికట్టు మీదుగా కారుతున్నా ఆయన చూసుకోలేదు. కొడుకు శవాన్ని తెచ్చిన రోజు కూడా ఆయన మొహం అలా లేదు. ఆ రోజు అందులో కోపం ఉంది.

"ఈ ఏడే వేశారట" అంది ఆమె.

"ఆఁ?"

"గట్టు. ఈ ఏడే వేశారట. మొన్న వానలయ్యాక. అంతకు ముందు అంతా ముళ్ళపొదలేనట, మనిషి దూరడానికి ఉండేది కాదట."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతికించడం ఆమెకు రోజూ ఉన్న పనే. మాటలు ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా కూర్చున్నాయి. తన నోట్లోంచి అవి వస్తుంటే పక్కింటివాళ్ళ మాటలు వింటున్నట్టే విన్నది.

"ఈ ఏడు" అన్నారాయన.

"అవును మామయ్యా."

"అయితే వాడికి..."

"అప్పటికి లేదు."

ఆయన నారింజ సగం ఆమె చేతిలో పెట్టి లేచారు. "సరే, ఇంతదూరం వచ్చాం. చూసే పోదాం."

చిన్న గేటు నెడితే వచ్చేసింది. అవతల దారి మరీ బాగుంది. ఎండ తగలకుండా రెండు పక్కలా చెట్లు. కాలువలో నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. చైను తిరిగే చప్పుడు, టైరు కింద ఎండుటాకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎక్కడో దూరంగా, అటు దిక్కున, పెద్ద రోడ్డు హోరు ఉన్నట్టు అనిపించి మళ్ళీ పోతోంది.

కొంత దూరం వెళ్ళాక మామగారు బ్రేకు వేశారు. దిగి, సైకిలు ఒక చెట్టుకు ఆనించి, ఆ చెట్టును తలెత్తి చూశారు. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా చుట్టుకు రాని మాను. దాని వేళ్ళు గట్టు రాళ్ళను ఎత్తేసి, మళ్ళీ ఆ రాళ్ళ మీదే నాచు పట్టి ఉంది. అలాంటివే వరసగా, కొలిచి నాటినట్టు, చూపు ఆనినంత మేర ఉన్నాయి. బాట చూసి దాని వయసు చెప్పగల మనిషి ఆయన. ఆమె పెడల్ మీద ఒక కాలు పెట్టి నిలబడింది. ఇప్పుడు అడుగుతారు, ఇంకో అబద్ధం దగ్గర లేదు.

ఆయన మాను మీద అరచెయ్యి ఆనించారు. బస్సులో నిలబడ్డ మనిషి కమ్మీ పట్టుకున్నట్టు, బరువంతా దాని మీద వేసి కాసేపు ఉన్నారు.

"ఈ ఏడే వేశారన్నమాట" అన్నారు, చెట్టుతో.

"అవును మామయ్యా."

"మంచి పని చేశారు." చెయ్యి దులుపుకున్నారు. "పద. రైట్."

ఆయన ఆమె మొహం చూడలేదు. ఆమె కూడా ఆయన మొహం చూడలేదు.

చెట్లు పలచబడ్డాయి, గాలి మారింది. తెల్లగా ఎండిన చవిటి నేల దాటాక ఇసుక మొదలై సైకిళ్ళు మొరాయించాయి. వాటిని అక్కడే పడుకోబెట్టి నడిచారు. ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఎదురుగా సముద్రం. అంగళ్ళు లేవు, మనుషులు లేరు. తీరం పొడుగునా వలల ముక్కలు, ఒక చెప్పు.

"రోజూ వచ్చేవాణ్ణి" అన్నారు మామగారు. "రోజూ. కానీ బస్టాండు నుంచి చూడటమే. బండి తిప్పుకుని, ఒక టీ తాగేసరికి టైమైపోయేది. ఒక్కసారీ దిగలేదమ్మా నీళ్ళలో."

ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని దిగారు. ఒక అల వచ్చి మడత దాకా తడిపేసింది. "అమ్మాయ్, రా!" అని పిలిచారు. ఆమె చెప్పులు వదిలి వెళ్ళి పక్కన నిలబడింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంకెవరికైనా అయితే ఈ పాటికి ఏదో ఒకటి అనిపించి ఉండేది. పాదాల కింద ఇసుక జారిపోవడం ఒక్కటే ఆమెకు తెలుస్తోంది.

"చిన్నప్పట్నుంచీ అంతే వాడు" అన్నారాయన నీళ్ళవైపే చూస్తూ. "దారి తప్పినా సరే, ఎవర్నీ అడగడు. నోట్లో ముత్యాలు రాలిపోతాయన్నట్టు."

ఆయనకు తెలుసని ఆమెకు అప్పుడు ఖాయమైంది.

"ఇంట్లోనూ అంతే మామయ్యా" అంది. "ఉప్పు డబ్బా ఎక్కడుందని నన్ను అడిగేవారు కాదు. అరలో ఉన్న డబ్బాలన్నీ మూత తీసి చూసేవారు. అన్నీ తెరిచిపెట్టి వెళ్ళిపోయేవారు."

"అన్నీనా?"

"అన్నీ. చీమలు పట్టేవి."

ఆయన నవ్వారు. నవ్వు ఒక దగ్గర తిరగబడి ఏడుపైంది. పెద్ద మనిషి, చప్పుడు చేస్తూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చారు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా బిగించి, పోయినప్పుడల్లా వదులు చేస్తూ నిలబడింది. తనకు కన్నీళ్ళు రాలేదు. కానీ ఎక్కడో, చాలా లోపల, సన్నటి కోపం ఒకటి కదిలింది. ఒక్క మాట. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? చచ్చిపోయినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చా అని ఆలోచించి, తెచ్చుకోవచ్చులే అనుకుంది. ఏడాదిగా ఆమెకు రుచి తెలిసిన మొదటి వస్తువు అది. చేదుగా ఉంది. ఉమ్మేయబుద్ధి కాలేదు.

దిబ్బ నీడలో బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. ఇసుక కలిసి పళ్ళకింద కరకరమంది. తిరుగు దారిలో లాకుల ఆవిడ చేతులు కడుక్కుని గది ముందు కూర్చుని ఉంది.

"దొరికిందా సముద్రం?"

"దొరికిందండీ."

మామగారు ఆగారు. ఒకే ఒక్క ప్రశ్న చాలు, ఈ గట్టు ఎప్పటిదమ్మా అంటే తేలిపోతుంది. ఆయన గొంతు సవరించుకుని, "బాట బాగా ఉంచారమ్మా" అన్నారు.

"నేనేం ఉంచానండీ, అదే ఉంది."

"ఎవరు ఉంచితేనేం. బాగుంది" అని, మలుపు ఇంకా అంత దూరాన ఉండగానే చెయ్యి చాపి బయల్దేరారు. ఇంటికి చేరేదాకా ఆ సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

మర్నాడు ల్యాబ్‌లో స్టూలు మీంచి లేవబోతే తొడలు పట్టేశాయి. "అమ్మా" అని బల్ల పట్టుకుంది. మైనం అక్క దీపం మీద వేడిచేస్తున్న కత్తి తీసి ఇటు చూసింది.

"ఏమైందే?"

"ఏం లేదు. నిన్న సముద్రానికి వెళ్ళాం, నేనూ మామయ్యా. సైకిళ్ళ మీద."

మైనం అక్క స్టూలు ఇటు జరిపింది. "ఆ రోడ్డు మీదా?"

"కాదు. గట్టు మీద నుంచి. లారీలుండవు."

"ఎలా ఉంది?"

ఆమె చేతిలోని పైదవడను వెలుతురుకేసి తిప్పి చూసింది.

"దూరం" అంది. "నీడ ఉంది."

"మళ్ళీ వెళ్తారా?"

"వచ్చే ఆదివారం వెళ్దామంటున్నారు."

మైనం అక్క కత్తికి అంటిన మైనం గీకింది. "నేనూ వస్తే?" అంది. "తొక్కడం మరిచిపోలేదు. పడితే పడతాను."

"సైకిలుందా?"

"మా ఆయనది ఉంది. టైర్లలో గాలి లేదు."

"కొట్టించుకుని రా" అని, ఆమె తొడ రుద్దుకుంటూ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.